మా వదిన ఏప్రన్ ఉతికిన సంగతి

మా వదిన ఏప్రన్‌ను నేనే ఉతికాను. ఉతికి ఊరుకున్నానా, సబ్బునీళ్లలో అరగంట మరిగించాను. గంజి పెట్టాను. ఇస్త్రీ చేసి, మడతలు కత్తిలా నిలబెట్టి, కాగితపు సంచిలో పెట్టుకుని మ్యూజియానికి తీసుకెళ్లి ఇచ్చాను. అక్కడ అందరూ ఎంత మెచ్చుకుంటారోనని దారి పొడుగునా మురిసిపోతూ నడిచాను.

ఇలా మధ్యలోంచి మొదలుపెడితే మీకేం అర్థమవుతుంది. మొదటినుంచీ చెబుతాను.

మా ఊరి మ్యూజియం ఒకప్పుడు ఫైరింజన్లు నిలిపే షెడ్డు. ఇంజన్లు ఊరి చివరికి వెళ్లిపోయాక రెండు పెద్ద ఎర్ర తలుపులు, నేలను వదలని నూనె మరకలు, పై అంతస్తునుంచి మనుషులు జారి దిగే ఇత్తడి స్తంభం మిగిలాయి. లోపల రాజుల కత్తుల్లేవు, కిరీటాల్లేవు. ఉన్నవన్నీ మనబోటివాళ్ల సామాన్లే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక అద్దాల పెట్టెలో పాత ఇస్త్రీపెట్టె కనిపించింది. దీన్ని చూడ్డానికి ఇంతదూరం రావాలా, మా అటక మీదే ఒకటి ఉంది కదా అనుకున్నాను. తర్వాత చీటీ చదివాను. దాంతో ఒకామె ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసిందట. పిడి ఆమె అరచేతి ఆకారానికి అరిగిపోయిందట. కళ్లజోడు సవరించుకుని చూస్తే నిజంగానే పిడి ఒకవైపు గుంటపడి ఉంది. ఇంటికి రాగానే నా ఇస్త్రీపెట్టెను అటక దింపించి దాని పిడి చూసుకున్నాను.

అప్పటినుంచి అక్కడ ఏ ప్రదర్శన పెట్టినా నేను హాజరు. ఒకసారి తాళం పోయి చెవి మాత్రం మిగిలినవి తెమ్మన్నారు. నాలుగు వందల పైచిలుకు వచ్చాయి. ఒక్కో చెవికీ ఒక చీటీ, చీటీ మీద ఆ ఇంటి కథ. కూల్చేసిన ఇళ్లన్నీ ఆ గోడ మీద వేలాడాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం ఊళ్లో ఎవరో ఒకరు వచ్చి తమ పని గురించి చెబుతారు. వాటిని శనివారం కబుర్లు అంటారు. చెప్పులు కుట్టే ఆయన వచ్చిన రోజున ముందువరసలో ఉన్నవాళ్ల చెప్పులు విప్పించి, అరుగుదల చూసి నడక చెప్పాడు. నా చెప్పు తిప్పి చూసి, ‘ఏళ్ల తరబడి ఎడమచేత్తో నీళ్లు మోశారు కదమ్మా’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అది అరుదుగా జరిగే విషయం.

ఇదంతా నడిపేది ఒక అమ్మాయి. మ్యూజియం అమ్మాయి అంటాం. చెవి వెనక ఎప్పుడూ పెన్సిల్ ఉంటుంది. ఆ పిల్లకు ఎన్ని డిగ్రీలున్నాయో నాకు తెలియదు, నా చదువు మూడో తరగతితో సరి. అయినా నేను మాట్లాడుతుంటే మధ్యలో గడియారం చూడదు. చెప్పినదాన్నే రెండోసారి చెప్పినా, ‘ఇందాక చెప్పినప్పుడు ఆ కుర్చీ రంగు చెప్పలేదు అమ్మమ్మగారూ’ అని కొత్త ప్రశ్న వేస్తుంది. అంత ఓపిగ్గా వినే మనిషిని నేను ఈ డెబ్భై ఆరేళ్లలో ఇంకొకరిని చూడలేదు. మా ఆయన కూడా మంచివాడే, కానీ పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

మా వదిన అంటే ఆయన అక్కగారు. నాకంటే అయిదేళ్లు పెద్ద. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేది, చివరికి ఎత్తడం మానేశారు. నేను కాపురానికి వచ్చేటప్పటికే నూలు మిల్లులో రంగుల షెడ్డులో పనిచేసేది. అక్కడ ఆమెను అందరూ డేగ అనేవాళ్లట. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను మాట్లాడతాను, ఆమె వింటుంది. రోజు మొత్తానికి ఆమె చెప్పే పది మాటల్లో నాలుగు నన్ను దెప్పడానికే.

మిల్లు మూతపడి ముప్ఫై ఏళ్లయిందని ఈమధ్య మ్యూజియంలో దాని గురించి ప్రదర్శన పెట్టారు. వదినకు మోకాళ్ల నొప్పులు. ఆటో మాట్లాడి తీసుకెళ్లాను. తలుపు దాటగానే ఎదురుగా గోడంత ఫొటో. ఫొటోలో పెద్ద కిటికీ, కిటికీ పక్కన తెల్ల కోటు వేసుకుని, పుస్తకం పట్టుకుని రంగుల మాస్టారు. ఆయన పక్కన బూడిద రంగు ఏప్రన్ కట్టుకున్న ఒక పడుచుపిల్ల, ఒక దారాన్ని రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది.

“ఇది నువ్వే వదినా” అన్నాను.

“నాకు తెలుసు. కింద ఏం రాశారు?”

ఆమెకు చదవడం రాదు. నేను కూడబలుక్కుంటూ చదివాను. ‘మిల్లులో నూట ఎనభై రంగులను సరిచూసిన రంగుల మాస్టారు, తన సహాయకురాలితో.’

“మళ్లీ చదువు.”

మళ్లీ చదివాను.

“సహాయకురాలంటే?”

“సాయం చేసే మనిషి.”

“బకెట్లు మోసేవాళ్లు వేరే ఉండేవాళ్లు” అని కర్ర తిప్పుకుని తలుపు వైపు నడిచింది. మిగతా ప్రదర్శన చూడనేలేదు.

రెండు రోజులు ఆ పది మాటలు కూడా లేవు. మూడో రోజు టీ తాగుతూ గ్లాసులోకి చూస్తూ అంది. “నేను పోయేలోపు ఆ మాట మారాలే. నన్నేం పొగడక్కర్లేదు. చేసింది చేసినట్టు రాయమను.”

యాభై ఏళ్లలో ఆ మనిషి నన్ను ఒక పని అడగడం అదే మొదలు. గ్లాసు కడగకుండానే బయల్దేరాను.

మ్యూజియం అమ్మాయి వాదించలేదు. లోపలినుంచి ఒక పాత హాజరుపట్టీ తెచ్చి చూపించింది. “ఇందులో సహాయకురాలు అనే ఉంది అమ్మమ్మగారూ. అదే రాశాను. నాదే తొందరపాటు, ముందు ఆవిడను వెతకాల్సింది. ఈ శనివారం కబుర్లు ఆవిడవే. వచ్చి చెప్పమనండి.”

“మా వదిన మాట్లాడదమ్మా. నేను మాట్లాడనా?”

ఆ పిల్ల నవ్వింది. “మీది ఇంకో శనివారం. ఆనాటి వస్తువు ఏదైనా ఉంటే ఆవిడ చేతికివ్వండి. చేతిలో వస్తువుంటే మాట అదే వస్తుంది. ఇంకొక మాట. ప్రదర్శనకు మాస్టారి రంగుల పుస్తకం ఇచ్చింది ఆయన అమ్మాయి, స్కూల్లో టీచరుగా చేశారు. ఆ టీచరమ్మ కూడా వస్తారు. వాళ్ల నాన్నగారి చీటీ మారుస్తున్నానంటే ఆవిడకు చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.”

న్యాయమైన మాట. ఇంటికొచ్చి చెప్పాను. వదిన కర్ర పట్టుకుని లేచింది. తర్వాత మంచం కింద ట్రంకు పెట్టె లాగించింది. ఆ పెట్టెను ఎన్నడూ నన్ను ముట్టుకోనిచ్చింది కాదు. అడుగున పాత పేపర్లో చుట్టి ఆ బూడిద రంగు ఏప్రన్.

“ఇందులో అంతా ఉంది. ఎలా ఉన్నదలా ఇచ్చిరా” అంది.

‘ఎలా ఉన్నదలా’ అంటే నాకు శ్రమెందుకని అంటోందనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

వదిన పడుకున్నాక పెరట్లోకి తీసుకెళ్లి విప్పాను. అమ్మో, అది ఏప్రనా, గోడలకు సున్నం వేసేవాళ్లు కాళ్లు తుడుచుకునే గుడ్డా. ముందంతా ఎరుపు, నీలం, పసుపు, ఒకదాని మీద ఒకటి పడి బురదలా అట్టకట్టిన వేలిముద్రలు. ముక్కు బద్దలయ్యే రంగు మందు వాసన. ఊరంతా వచ్చి చూసే చోట ఇది వేలాడితే ఏమంటారు? ఆ ఇంట్లో ఆడవాళ్లు లేరా అంటారు. ఆ ఇంట్లో ఉన్నది నేను.

కింద అంచు మడత తిప్పి చూస్తే ఇంకా అధ్వాన్నం. లోపలివైపు ఈ చివరినుంచి ఆ చివరికి కోడి కెలికినట్టు కుట్లు. రంగుకొక కుట్టు, కుట్టుకొక వంకర, అలా వరసలకు వరసలు. మా వదినకు సూది పట్టడం రాదని నాకు కొత్తగా తెలియక్కర్లేదు. ఎప్పుడో చిరిగితే చేతికందిన దారాలతో కుట్టేసుకున్నట్టుంది అనుకున్నాను. బ్లేడు తీసుకుని ఓపిగ్గా ఒక్కొక్కటీ విప్పాను. మొత్తం విప్పాక చూస్తే కింద చిరుగే లేదు. చిరుగు లేనిచోట ఇన్ని కుట్లెందుకని ఒక్క క్షణం చేయి ఆగింది. ఆగినదాన్ని కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది. నేనేమో తెల్లదారంతో, చీమ నడిచినట్టు చిన్న చిన్న కుట్లతో, అంచు కొత్తగా మడిచి కుట్టాను. ఆ తర్వాతే ఉడకబెట్టాను.

విప్పిన దారపు ముక్కలు గుప్పెడయ్యాయి. నేను దారం పారేసే మనిషిని కాను. నీలం గుడ్డముక్క ఒకటుంటే దాంతో చిన్న సూదుల దిండు కుట్టి, ఆ ముక్కలన్నీ లోపల కూరి మూతి కుట్టేశాను. మ్యూజియం అమ్మాయి బల్ల మీద గుండుసూదులు ఎప్పుడూ చిందరవందరగా పడి ఉంటాయి. పాపం, అంత మంచి పిల్లకు ఇది నా కానుక అనుకున్నాను.

ఆ పిల్ల దిండు చూసి చాలా సంతోషించింది. వెంటనే సూదులన్నీ గుచ్చి బల్ల మీద పెట్టుకుంది. తర్వాత సంచిలోంచి ఏప్రన్ తీసింది. తీసి, పట్టుకుని, అలాగే కుర్చీలో కూర్చుంది.

“ఉతికారా అమ్మమ్మగారూ?”

“మూడుసార్లు నీళ్లు మార్చాను తల్లీ. అయినా ఆ పక్కన ఎర్రమరక నీడలా ఉండిపోయింది. నిమ్మరసం పెడితే పోతుందేమో.”

“వద్దు” అంది గబుక్కున. “దాన్ని ఉండనివ్వండి.”

అప్పుడు మెల్లగా చెప్పింది. ఆ మరకలే ఆ ఏప్రన్ అట. ఏ రంగు ఎక్కడ పడిందో, ఏ వేలితో తుడుచుకుందో, వాటితోనే ఆమె పని ఊరికి చూపించవచ్చునట. అరగంట మరిగించిన నీళ్లు పెరటి కాలవలో ఎలా పోయాయో కళ్లముందు కనిపించింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్లిచ్చింది. “ఏప్రన్ ఉంది, ఆవిడ ఉన్నారు. చాలు. కానీ శనివారంలోపు మీరే ఆవిడకు చెప్పేయండి” అంది.

చెప్పాలనే అనుకున్నాను. గురువారం చెబుదామంటే ఆమె మోకాలికి నొప్పి ఎక్కువగా ఉంది. శుక్రవారం చెబుదామంటే ఆమె ముఖం ఎంతో తేటగా ఉంది. ఎప్పుడూ నోరు మూసుకోవడం చేతకాని నాకు ఆ రెండు రోజులూ నోరు పెగల్లేదు. “ఏమే, పన్ను నొప్పా?” అని కూడా అడిగింది.

శనివారం మధ్యాహ్నం షెడ్డు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు పాత నిచ్చెన మెట్ల మీద కూర్చున్నారు. మిల్లులో పనిచేసినవాళ్లే ఒక పాతికమంది ఉంటారు. ముందువరస చివర టీచరమ్మ నిటారుగా కూర్చుంది. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి, కూర్చోవడం కూడా స్కేలు పెట్టి గీసినట్టే. ఆమె పక్కన అద్దాల పెట్టెలో వాళ్ల నాన్నగారి రంగుల పుస్తకం తెరిచి ఉంది. లావుపాటి పుస్తకం. పేజీకి నాలుగేసి రంగుల పేర్లు, పేరు పక్కన కాగితానికి గుచ్చి ముడివేసిన చిన్న దారపు కుచ్చు, దాని పక్కన మాస్టారి చేతిరాత.

మా వదినను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. మ్యూజియం అమ్మాయి ఆమెను పరిచయం చేసి, మడిచిన ఏప్రన్ తెచ్చి ఒళ్లో పెట్టింది.

వదిన ఏప్రన్‌ను చూసింది. వేళ్లతో రుద్ది చూసింది. నా వైపు ఒక చూపు చూసింది. నేను నేల మీది నూనె మరకను చూశాను.

“ఉతికింది మా మరదలు” అని జనంతో అంది. “ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల చొక్కా విప్పమంటుంది.”

అందరూ నవ్వారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, అయిపోయిందా అనుకున్నాను. అప్పుడు ఆమె అంచు పట్టుకుని మడత తిప్పింది.

తెల్లదారం. చీమ నడిచినట్టు కుట్లు.

వదిన ఆ చివరినుంచి ఈ చివరికి అంచంతా తిప్పి చూసింది. మళ్లీ తిప్పి చూసింది. మా ఆయన పోయిన రోజున కూడా ఆమె ముఖం అలా అయిపోవడం నేను చూడలేదు.

“నా రంగులేవే?” అంది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినబడలేదనుకుంటాను.

లేచి నిలబడ్డాను. “నేనే విప్పాను వదినా. చిరుగనుకున్నాను.”

వదిన కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత జనం వైపు తిరిగి, ఇంట్లో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది.

“నాకు రాయడం రాదు. ఒక్కో రంగు సరిపోయిందని తేల్చిన రోజున ఆ నూల్లోంచి ఒక పోగు లాగి, ఈ అంచు లోపల ఒక కుట్టు వేసుకునేదాన్ని. బయట వేస్తే వెలుతురు తగిలి పాలిపోతుంది, అందుకని లోపల. మాస్టారి పుస్తకం మాస్టారిది. ఇది నా పుస్తకం. ఇరవై ఆరేళ్లది.” ఏప్రన్ అంచును మళ్లీ మడిచింది. “సరే. పుస్తకం పోయింది.”

టీచరమ్మ మర్యాదగానే అడిగింది. “అయితే ఇప్పుడు చూపించడానికేమీ లేదంటారా?”

“లేదమ్మా” అంది వదిన.

“ఎందుకు లేదు? నేను దారం పారేసే మనిషినా?” అని, మ్యూజియం అమ్మాయి బల్ల దగ్గరికి నడిచి, నీలం దిండు తీసుకుని సూదులన్నీ పీకేశాను. ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని చూసింది, మరుక్షణమే కత్తెర తెచ్చి చేతికిచ్చింది. దిండు మూతి కోసి వదిన ఒళ్లో బోర్లించాను. పిట్టగూడులాంటి దారపు ఉండ ఒకటి పడింది. నూట ఎనభైకి పైగా ముక్కలు, ఒకదానికొకటి చిక్కుపడి.

వదిన ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు చూసింది.

“ఆ లైట్లు ఆర్పండి. వాటి పసుపు రంగుల్లో కలుస్తుంది. బల్ల కిటికీ కిందికి జరపండి.”

ఆమె అలా హుకుం జారీ చేయడం నేనెప్పుడూ వినలేదు. మిల్లువాళ్లు నలుగురు, అంతా డెబ్భై దాటినవాళ్లే, లేచి బల్ల మోశారు. ఏప్రన్‌ను బల్ల మీద పరిపించింది. “ఇది బూడిద రంగులో ఎందుకుండేదో తెలుసా? ఎరుపును చూసిన కంటితో వెంటనే ఇంకో ఎరుపును చూస్తే కన్ను మోసపోతుంది. మధ్యలో బూడిద రంగును చూసి కన్ను కడుక్కోవాలి. మరకలు పడ్డాక ఇది ఆ పనికి రాలేదు, గోడను చూసేదాన్ని.” నా వైపు చూడకుండానే అంది. “మా మరదలు పుణ్యాన ఇవాళ మళ్లీ పనికొచ్చింది.”

ఒక్కొక్క పోగూ లాగి ఏప్రన్ మీద పరవడం మొదలుపెట్టింది. ఎనభై ఒక్కేళ్ల చేతులు, టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. అప్పుడు వణకలేదు. పరుస్తూ చెబుతోంది. తడి నూలు ముదురుగా కనిపిస్తుందట, అది ఆరితే ఏ రంగవుతుందో తడిగా ఉన్నప్పుడే చెప్పాలట. ఒక పోగు తెంపి ఆవిరి గొట్టానికి చుట్టి ఆరబెట్టి, కిటికీ దగ్గర చూసి తాను సరే అంటేనే రంగు తొట్టి ఖాళీ చేసేవాళ్లట. కాదంటే మళ్లీ మందు. అప్పటికీ కుదరకపోతే ఆ తొట్టెడు నూలూ నలుపులో ముంచేయడమే. “నల్ల చొక్కాలు వేసుకున్నవాళ్లను చూస్తే ఇప్పటికీ జాలేస్తుంది. లోపల ఏ రంగు చెడిందో అని” అంది. నల్ల చొక్కా వేసుకున్న ఒకాయన తన చొక్కా తనే చూసుకున్నాడు.

గంట గడిచింది. ఒక్కరూ లేవలేదు. బూడిద గుడ్డ మీద ఎరుపులు ఒక దారి, నీలాలు ఒక దారి, వాటి మధ్య నాకు పేరు తెలియని రంగులు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. యాభై ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి. కూరలు కోయడంలో నేను ఆమెకు వంకలు పెట్టిన రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

టీచరమ్మ లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. “ఒకటి అడగొచ్చా? నలభై ఏడో నంబరు ఏది?”

“నాకు అంకెలతో పనిలేదమ్మా. పేరు చెప్పు.”

మ్యూజియం అమ్మాయి అద్దాల పెట్టె తెరిచింది. టీచరమ్మ పేరు చదివింది. “పావురం మెడ.”

వదిన రెండు పోగులు తీసి పక్కపక్కన పెట్టింది. నాకు రెండూ ఒకటే. “ఇది మొదట వేసింది. ఇది బాయిలర్ మార్చాక వచ్చింది, తేడా గుర్తుండాలని కుట్టుకున్నాను. ఇందులో ఆకుపచ్చ వెంట్రుకవాసి ఎక్కువ. మాస్టారికి ఆ మాటే చెప్పాను. ఆయన మందు తగ్గించారు.”

పుస్తకం బల్ల మీదికి తెచ్చారు. పావురం మెడ అన్న పేరు పక్కన ఉన్న కుచ్చు ఎండుగడ్డిలా ఉంది. వదిన పోగులకూ దానికీ పోలికే లేదు. వెనక ఎవరో గొణిగారు.

“మిల్లులో ఈ పుస్తకం ఎప్పుడూ కిటికీ దగ్గర తెరిచే ఉండేది కదా. పేజీ తిప్పి వెనక ముడి చూడండి” అంది వదిన.

మ్యూజియం అమ్మాయి తెల్ల గ్లౌజులు వేసుకుని పేజీ తిప్పింది. కాగితం వెనక, వెలుతురు తగలని చోట, చిన్న ముడి. వదిన మొదటి పోగును దాని పక్కన పెట్టింది. ముడి ఎక్కడ ముగిసిందో పోగు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె ముడిని చూడటం లేదు. పేజీ మళ్లీ ఇటు తిప్పి, వాళ్ల నాన్నగారి చేతిరాతలో ఒక చిన్న వాక్యం మీద వేలు పెట్టి నిలబడిపోయింది. అది పైకి చదివింది.

“‘ఆకుపచ్చ వెంట్రుకవాసి ఎక్కువ. మందు తగ్గించాను.’”

హాల్లో ఒక ముసలాయన, “అదే కదా ఈవిడ చెప్పిందీ” అన్నాడు.

టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “మా నాన్నకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే” అంది. క్లాసులో చెప్పినట్టే స్పష్టంగా చెప్పింది, కానీ మెల్లగా. “పుట్టుకతోనే అంత. ఆకుపచ్చ మేజోళ్ల లోపల మా అమ్మ తెల్ల బొత్తం కుట్టేది, ఆయన గుర్తుపట్టడానికి. బయటికి తెలిస్తే ఉద్యోగం పోతుందని ఇంట్లో ఎవరం నోరెత్తలేదు. మిల్లులో ఎలా నెట్టుకొస్తున్నాడో మాకు తెలిసేది కాదు. ఈ పుస్తకం చూసినప్పుడల్లా అనుకునేదాన్ని, ఆయనకు ఇంకేదో చూపు ఉందేమోనని.” వదిన వైపు తిరిగింది. “మీకు తెలుసా?”

“మొదటి నెల్లోనే తెలిసిందమ్మా.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎందుకు చెబుతాను? ఆయనకు రంగు కనబడదు. నాకు అక్షరం కనబడదు. కిటికీ దగ్గర ఇద్దరం నిలబడితే పని జరిగేది. ఏ మందు ఎంత వేస్తే ఏమవుతుందో, ఎంత వేడి ఉండాలో ఆ లెక్క నా వల్ల అయ్యేది కాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసేవారు. ఒక్క మాట మార్చేవారు కాదు. చూశావుగా, వెంట్రుకవాసి అంటే వెంట్రుకవాసే రాశారు.” టీచరమ్మ వైపే చూస్తూ, “ఇవాళ కూడా నేను చెప్పేదాన్ని కాదు. నువ్వు చెప్పావు” అంది.

మా వదిన ఏం దాచుకుందో నాకప్పుడు అర్థమైంది. ఆ ‘సహాయకురాలు’ మాట గుచ్చుకున్నా, దాన్ని పీకడానికి ఉన్న తేలికైన దారి ఆమె పట్టలేదు. ఆయన గుట్టు బయటపెట్టకుండా తన చూపు ఒక్కటే చూపించి గెలవాలనుకుంది. అందుకు ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని నేను దిండులో కూరాను.

టీచరమ్మ మ్యూజియం అమ్మాయితో, “చీటీ మార్చండి. నాన్న ఉంటే ఆయనే మార్చమనేవాడు” అంది.

మ్యూజియం అమ్మాయి చెవి వెనక పెన్సిల్ తీసింది. “ఏం రాయమంటారో మీరే చెప్పండి” అని వదిన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చదువుకున్న పిల్ల, చదువు రాని మనిషి ముందు బడిపిల్లలా పెన్సిల్ పట్టుకుని కూర్చోవడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

వదిన ఆలోచించింది. “ముందు మాస్టారి పేరే ఉండనీ. పక్కన నా పేరు రాయి. మందు ఆయన కలిపేవారని రాయి. ఆమె చూసి సరే అన్నాకే నూలు బయటికి వెళ్లేదని రాయి. అంతే.”

“ఇంకేమీ వద్దా?”

“ఇంకేముంటుంది?”

ఆ పిల్ల లోపలికి వెళ్లి తెల్ల అట్టముక్క తెచ్చి, గుండ్రని అక్షరాలతో అప్పటికప్పుడు రాసింది. నేను వదిన చెవి దగ్గర ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించాను. తన పేరు దగ్గరికి రాగానే ఆమె నా వేలు పక్కకు నెట్టి, తన వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

మ్యూజియం అమ్మాయి పాత చీటీ తీసేసి కొత్తది అంటించబోయింది.

“ఉండు” అంది వదిన.

అట్టముక్కను అడిగి తీసుకుంది. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది. ఒకసారి ఏప్రన్ బూడిద రంగును చూసి కన్ను కడుక్కుని, మళ్లీ అట్టను చూసి, గోడ మీద మిగతా చీటీలను చూసింది.

“ఇది ఆ తెలుపు కాదు. ఇందులో పసుపు కలిసింది. వేరే కట్టలోంచి తీసినట్టున్నావు.”

మ్యూజియం అమ్మాయి అట్టను అటూ ఇటూ తిప్పింది. టీచరమ్మ చూసింది. నేనూ చూశాను. మాకెవ్వరికీ ఏ తేడా తెలియలేదు. అయినా ఆ పిల్ల మారుమాట్లాడకుండా లోపలికి వెళ్లి, అలమారలన్నీ వెతికి, పాత కట్టలోంచి ఇంకో అట్ట తెచ్చి మళ్లీ మొదటినుంచీ రాసింది. అంతసేపూ జనం ఎక్కడివాళ్లక్కడే కూర్చున్నారు.

వదిన దాన్ని కూడా వెలుతుర్లో పట్టుకుని చూసింది.

“సరే” అంది.

అప్పుడు చీటీ గోడకెక్కింది.